తోలు దాటే చప్పుడు

ఆ దగ్గు నాకు తెలుసు. ముందు గొంతులో చిన్న గీర, ఆ వెంటనే బోరు మోటారు నీళ్లందుకోకముందు దన్నినట్టు రెండు దన్నులు, ఆ తర్వాతే మాట. పచ్చ పరదాకు అవతల ఎవరో బల్లెక్కారు, బల్ల కిర్రుమంది, దగ్గు వచ్చింది. నా భుజం మీద కాపడం మూట కాలుతూనే ఉంది గాని వీపు మాత్రం మంచులో పెట్టినట్టయింది. సురేందర్. చిట్యాల పక్క మా ఊరి పటేలు కొడుకు సురేందర్. ఆ దగ్గు విని యాభై ఏళ్లవుతోంది, దాని మీద దుమ్ము కూడా పడలేదు. మనిషి మొహం ముడతలు పడుతుంది, నడుము వంగుతుంది, పళ్లు ఊడి కొన్న పళ్లు వస్తాయి, దగ్గు ఒక్కటే పుట్టినప్పటిది పుట్టినట్టు మిగులుతుంది కాబోలు. జనగామలో, బస్టాండు దాటి కొంచెం లోపలికి, మందుల దుకాణం మీది అంతస్తులో, రెండు బల్లలూ ఒక పరదా ఉన్న ఈ ఫిజియోథెరపీ గదిలో నేను ఒక బల్ల మీద, వాడు ఇంకో బల్ల మీద. చెయ్యి చాపితే మెడ అందుతుంది. చాపడానికి చెయ్యి లేదు, అదొక్కటే చిక్కు. షుగరు పుణ్యమా అని కుడి భుజం బిగుసుకుపోయి, చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. చొక్కా మా బిడ్డ విజయ తొడుగుతుంది. దువ్వెన ఎడమ చేతికి ఇచ్చుకున్నాను, అది ఇప్పటికీ పాపిట వంకరగానే తీస్తుంది.

పరదా కింది నుంచి నీరజ చెప్పులు అటు పోవడం కనబడింది. ఈ గది నీరజది. ఎముకల డాక్టరు చీటీ రాసి పంపితే, బిగిసిన కీళ్లను మెల్లగా సాగదీసి మనిషిని మళ్లీ మనిషిని చేసే పిల్ల. చెయ్యి మెత్తన, నోరు గట్టి.

“ఇదేంది తాతా, భుజం మీద ఇంత గోడ కట్టుకొచ్చినవ్?”

“పసుపు, సున్నం, ఆముదం బిడ్డా. మా ఇంట్ల అందరికి గదే పట్టు.”

“పట్టేసుకుంటే ఏసుకున్నవ్ గని, దాని మీద మిషన్ పెడితే చప్పుడు లోపటికెట్ల పోతది? మొత్తం నానబెట్టి కడగాలె. పండుకో సురేందర్ తాతా, తడి గుడ్డ ఏస్త.”

సురేందర్ తాత! పటేలా అనలేదు, దొరా అనలేదు, చేతులు కట్టుకుని గోడకు జరగలేదు. తాతా అంది, పండుకో అంది, వాడు పండుకున్నాడు. ఈ ఒక్క మాట వినడానికి బతికి ఉన్నందుకు నా గుండెకు నేనే మొక్కుకున్నాను. అయితే నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే మొదటి రోజు నేనూ ఇట్లాగే వచ్చాను. మా దిక్కు ఎవరికి కీలు పట్టినా ముందు పట్టు, తర్వాతే దవాఖాన. ఆ రోజు నా పట్టు ఎండి పెంకులా ఉంటే నీరజ చూసి నెత్తి కొట్టుకుంది. ఇప్పుడు పెట్టేది అల్ట్రాసౌండ్, దానికి నున్నటి తడి జెల్ కావాలి, మధ్యలో పెంకు ఉన్నా గాలి ఉన్నా చప్పుడు అక్కడే చచ్చిపోతుంది అని చెప్పింది. అల్ట్రాసౌండ్ అంటే కడుపుతోటి ఉన్నోళ్లకు గదా బిడ్డా, నాకేం పుడుతదని అన్నాను. నీకు చెయ్యి పుడుతది తాతా, నోరు మూసి పండుకో అంది.

నోరు మూసి పడుకున్నాను గాని చెవులు మూయలేదు. ఆ పిల్ల చెప్పే సంగతులు నా కథల కంటే పెద్దవి, పైగా నిజాలట, అదే నాకు కడుపుమంట. మన తోలు ఉందే, అది గడీ గోడలాంటిదట. పైన ఎంత మందు రాసినా వాకిట్లోనే నిలబెడుతుంది, లోపలి కీలు దాకా పోయేది ఎంగిలి పడ్డంత కూడా ఉండదు. అందుకని మందునే జెల్‌లో కలిపి, గుండ్రటి లోహపు మొహం ఉన్న మిషన్ దాని మీద తిప్పుతుంది. అందులోంచి మనిషి చెవికి అందని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు తోలు పొరలు సన్నగా వణికి, సందులు కొంచెం కొంచెం విడిచి, మందును లోపలికి పోనిస్తాయి. ఒక్కసారికి పోదు, రోజూ ఇంత. తిప్పుతూనే ఉండాలి, ఒక్కచోట నిలబెడితే కాలుతుంది. ఎక్కడో పెద్ద పెద్ద దవాఖానల్లో ఇంకో విద్య కూడా పరీక్షిస్తున్నారట. మెదడు చుట్టూ ఇంకా గట్టి గోడ ఉంటుంది, దాన్ని మందులు దాటలేవు. నెత్తురులోకి కంటికి కనబడని బుడగలు వదిలి, తల మీద చప్పుడు పెడితే ఆ బుడగలు ఎగిరెగిరి పడి, గోడ కాసేపు తలుపు తీస్తుంది, మందు దూరుతుంది, మళ్లీ తలుపు పడుతుంది. విన్న రోజు నేను ఇంటికి పోయి విజయకు చెప్తే, బాపూ నీ కతలు నాకాడ చెప్పకు అంది. నిజం చెప్పినప్పుడల్లా నా బతుకు ఇంతే.

కాని నా తోలు మామూలు తోలు కాదు. కుడి భుజం వెనక, అరచెయ్యంత మేర, తోలు చెప్పు అడుగులా గట్టిపడి మెరుస్తూ ఉంటుంది. చంద్రవంక ఆకారం. నీరజ మొదటి రోజు దాని మీద వేడి నీళ్ల సీసా, చల్లటి సీసా మార్చి మార్చి పెట్టి, ఏది వేడి ఏది చలి చెప్పు తాతా అని పరీక్ష పెట్టింది. స్పర్శ లేకపోతే మిషన్ కాల్చినా తెలియదు గదా. అన్నీ తెలుస్తున్నాయి బిడ్డా, ఆ ఒక్క చోటే అన్నీ ఎక్కువ తెలుస్తాయి అన్నాను. ఏమైంది తాతా గిక్కడ అని అడిగింది. భూపాలపల్లి అడవిలో తునికాకుకు పోతే ఎలుగుబంటి వెనక నుంచి కావలించుకుంది, ఆడది, నన్ను మొగుడనుకుంది, విడిపించుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది అని చెప్పాను. మర్నాడు అడిగితే పిడుగు అన్నాను, నా భుజం మీద దిగి చోటు నచ్చక పక్క తాడిచెట్టుకు మారిందన్నాను. ఆ తర్వాత చుక్క రాలిందన్నాను. నీరజ పకపకా నవ్వి మిషన్ తిప్పేది. నా పెళ్లాం లక్ష్మీనర్సమ్మకు మాత్రం ఒకటే కథ. పెళ్లయిన కొత్తలో ఆమె వేళ్లు అక్కడ ఆగి, ఇదేందని అడిగితే ఎలుగుబంటి అన్నాను. నలభై ఏళ్లు కాపురం చేసి, కోపం వచ్చినప్పుడు “ఆ ఎలుగే నిన్ను తీసుకపోతే పీడ పోవు” అని తిట్టి, జ్వరం వచ్చినప్పుడు అక్కడ నూనె రాసి, ఎలుగుబంటిని నమ్మి నమ్మి చచ్చిపోయింది. ఆమెకు కూడా చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పితే నోరు కాలుతుందని కాదు. చెప్పిన మరుక్షణం నేను మనిషిని కాకుండా పోతానని.

ఎద్దునవుతానని. అవును, ఎద్దుననే. వాళ్లింట్లో జీతమున్నాను, ఇరవై నిండలేదు. హనుమకొండ కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన సురేందర్ ఇస్త్రీ పాంటు మడిచి, మరదళ్ల వరస ఆడపిల్లలు గట్టు మీద చూస్తుంటే, నాగలి నేను పడతానన్నాడు. ఎడ్లకు కొత్త సెంటు వాసన గిట్టలేదు. లాగాయి. వాడు మేడి వదల్లేదు, బోర్లా పడ్డాడు, పడ్డవాడిని ఎడ్లు మడి ఆ చివరి దాకా తీసుకుపోయాయి. జరిగింది ఇంతే. నేను ఊళ్లో చెప్పింది ఏమిటంటే, ఎడ్లు నాగలిని వదిలేసి పటేలు కొడుకునే కట్టుకుని దున్నాయి, ముక్కుతో సాలు తీశాడు, అంత నిటారు సాలు ఆ ఏడు ఎవరి మడిలోనూ పడలేదు, ఆ సాలులో పడ్డ వడ్లు మూర మూర కంకులేశాయి అని. రేగొండ అంగడి దాకా పాకింది నా కథ. వాడు వీధిలో పోతుంటే పిల్లలు “ఓ... హైహై” అని ఎడ్లను అదిలించినట్టు అదిలించేవాళ్లు. వాడు నన్నేమీ అనలేదు. నవ్వాడు కూడా. ఆ నవ్వుకు నేను భయపడి ఉండాల్సింది. విత్తనాల బస్తా ఎత్తుతుంటే నా భుజం పట్టింది. సురుకు పెడితే దిగుతదిరా కుమారస్వామీ, నేను పెడ్త రా అన్నాడు, ఎంతో ప్రేమగా. మా దిక్కు నొప్పికి సురుకు పెట్టించుకోవడం అందరికీ ఉన్నదే, పసుపు కొమ్ము కాల్చి చిన్నగా చుక్క పెడతారు. కాలుతదా పటేలా అన్నాను. చీమ కుట్టినట్టుంటది అన్నాడు. కొట్టంలో బోర్లా పడుకోబెట్టాడు. వాడి జతగాళ్లు ఒకడు కాళ్ల మీద, ఒకడు నడుము మీద కూర్చున్నారు. పేడ వాసన, కుడితి వాసన, నా మొహం పక్కనే ఎద్దు గిట్ట. పొయ్యిలోంచి వాడు తీసింది పసుపు కొమ్ము కాదు. వాళ్లింటి ఎడ్లు ఏ మందలో కలిసినా ఎవరివో తెలియడానికి పెట్టే ఇనుప గుర్తు. నా తోలు కాలిన వాసన నాకే ఎద్దు వాసనలా వచ్చింది. వాడు నా చెవి దగ్గరికి వంగి, మెల్లగా, దగ్గి, అన్నాడు: “ఇప్పుడు చెప్పురా కత.”

చెప్పలేదు. ఏడాది చెప్పలేదు. గాయం మానకముందే రేగొండ దాకా నడిచి, అక్కడి నుంచి లారీ ఎక్కి, మహబూబాబాద్‌లో దిగి, కేసముద్రం మార్కెట్‌లో హమాలీగా చేరి, బస్తాలన్నీ ఎడమ భుజం మీదే మోశాను. కుడి భుజం మీద చొక్కా ఎప్పుడూ తీయలేదు, ఎండాకాలం పత్తి లారీ మీద చెమటకు ఉడికినా తీయలేదు. కథలు మళ్లీ మెల్లగా వచ్చాయి, ముందు ఎలుగుబంటి వచ్చింది, దాని వెనక మిగతావి. పైకి కథలు, లోపల ఒకటే పని, వాడిని చంపడం. ఎన్ని రకాలుగా చంపానో! మిర్చి ఘాటులో ముంచి చంపాను. గోదావరి పుష్కరాల్లో మెట్టు మీద సబ్బు రాసి చంపాను. లాటరీ తగిలి వాళ్లిల్లు కొని, వాకిట్లో వాడినే జీతముంచుకుని, చంపకుండా బతికించి చంపాను. ఒకసారి మండలం ఎన్నికల్లో నిలబడ్డాడు, చుట్టాల పెళ్లికని పరకాల దిక్కు పోతే గోడ మీద వాడి పోస్టరు కనబడింది, చేతులు జోడించి పళ్లికిలిస్తూ. చుట్టూ చూసి, బీడీ దమ్ము లాగి, పోస్టర్‌లో కుడి భుజం మీద సురుకు పెట్టాను. ఆ ఎన్నికలో వాడు ఓడిపోయాడు. నా బీడీ వల్లే అని ఇప్పటికీ నమ్ముతాను, ఎవరు కాదన్నా ఊరుకోను. అంతే నా పగ. పేపరు మీద ఒక చిల్లు. ఇప్పుడు వాడే, కాగితం కాదు, నెత్తురూ షుగరూ ఉన్న వాడే, పరదాకు అవతల తడి గుడ్డ కింద పట్టు నానబెట్టుకుంటూ పడుకుని ఉన్నాడు.

నీరజ నా దగ్గరికి వచ్చి కాపడం తీసి, చల్లటి జెల్ పూసి, మిషన్ మొహం ఆనించింది. తిప్పడం మొదలైంది. ఏ చప్పుడూ లేదు, ఉన్నట్టు తెలియదు, అదే దీని గొప్ప. అంతలో పరదా అవతల దగ్గు.

“అన్నా, గిక్కడెవలో ఉన్నరు గదా. గా మిషన్ కాలుతదా?”

అడిగాడు. నన్నే అడిగాడు. నా ఒళ్లంతా చెవైంది. అన్నా అన్నాడు, ఒరే అనలేదు. ఊరు పేరు అడిగితే కేసముద్రం అని చెప్పాను, అబద్ధం కాదు. వాడి గొంతులో భయం ఉంది, నేతిలో వేలు పెట్టినట్టు మెత్తగా తగిలింది. బిగిసిన భుజానికి ఇది తప్ప దారి లేదు, ఇప్పుడు వదిలేస్తే చెయ్యి అట్లాగే రాయవుతుందని డాక్టరు వాడికీ చెప్పే ఉంటాడు. వీడిని ఇక్కణ్ణుంచి లేపి పంపిస్తే చాలు. మెట్లు దిగి, కారెక్కి, ఇంటికి పోయి మళ్లీ పట్టు వేసుకుంటాడు, చెయ్యి పోతుంది, కొడుకులు చొక్కా తొడుగుతూ విసుక్కుంటారు, అన్నం ముద్ద నోటికి అందదు. కత్తి అక్కర్లేదు, సబ్బు అక్కర్లేదు. ఒక కథ చాలు. దేవుడు నాకు వేరే ఆయుధం ఇవ్వలేదు మరి.

“కాలుడు సంగతి ఏం చెప్పాలె అన్నా,” అన్నాను. “కాలినా బయటికి కనబడదు గద. లోపట లోపట్నే. చప్పుడు బొక్కలపొంటి పోతది. మొన్న నాకు భుజం మీద పెడితే మోకాలు మోగింది. ఇంటికి పోతుంటే జనగామ కుక్కలన్ని ఎనక పడ్డయ్. మనకినబడది గని వాటికినబడుతదట. ఇంటి ముంగట నిలబడి పొద్దుగూకేదాక మొరిగినయ్.”

“తాతా!” అంది నీరజ, నవ్వు ఆపుకుంటూ. “నమ్మకు సురేందర్ తాతా, గీనె గిట్లనే చెప్తడు.”

అవతల నవ్వలేదు. నేను ఇంకో మెట్టు దిగాను. కాలుడు భయం చాలదు, ఇంకా లోపలికి పోవాలి, ఎక్కడ పెడితే వాడికి నొస్తుందో అక్కడికి.

“కుక్కలదేముంది, సుదర్శన్ సంగతి విన్నవా? కేసముద్రం యార్డుల పత్తి అమ్మెటోడు. గీ చప్పుడు వానికి భుజంలకెల్లి మెదడుకెక్కింది. మెదడు సుట్టు గోడుంటదట, గా గోడ తెరుసుకున్నదట. ఇగ సూస్కో, యాది లేనివన్ని యాదికొచ్చినయ్. బస్తాల మీదికెక్కి నిలబడి, చిన్నప్పటి సంది ఎవలెవలకు ఏమేం చేసిండో అన్ని ఒర్లి చెప్పిండు. పత్తిల నీళ్లు కొట్టింది, పక్కోని గట్టు జరిపింది, జీతగాండ్లను సతాయించింది. పెండ్లాం పిల్లలు నోరు మూస్తే సందులకెల్లి చెప్పిండు.” కొంచెం ఆగాను. “నీకు గసుంటియేం లేవు గద అన్నా, యాదికొస్తె పరేషానయ్యేటియి?”

పరదా అవతల బల్ల కిర్రుమంది. లేచి కూర్చున్నాడు. “వద్దు బిడ్డా,” అన్నాడు. “నాకీ మిషన్ వద్దు. ఆ గుడ్డ తీయ్, నేను పోత.”

నా గుండె డప్పు కొట్టింది. అయిపోయింది. ఒక్క మాటతో పటేలు కొడుకును పారగొట్టాను. కాని నీరజ మిషన్ ఆపింది, నా వంక ఒక చూపు చూసింది, ఆ చూపుకు నిజంగానే కుక్కలు వెంటపడ్డట్టయింది. ఏం తాతా, నీకు పరాచికాలు, ఆయనకు చెయ్యి పోతది అంది. పరదా జరజరా లాగింది. “ఇగ చూడు సురేందర్ తాతా, నీ కంటితోని నువ్వే చూడు. గీ తాత వచ్చిన్నాడు చెయ్యి బొడ్డు దాటి లేవలే. ఇప్పుడు రొమ్ము దాక లేస్తున్నది. యాడన్న కాలిందా? బొబ్బ ఉన్నదా?”

వాడు వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను తల తిప్పి చూశాను. జుట్టంతా పోయింది, పొట్ట జారింది, చొక్కా లేని ఒంటి మీద తడిసిన పసుపు కారుతోంది, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. కళ్లు నా మొహం మీద పడ్డాయి, నిలబడలేదు, జారిపోయాయి. గుర్తు పట్టలేదు. సరే, మొహం మారింది అనుకున్నాను. చూపు భుజం మీదికి పోయింది. ఇప్పుడు గుర్తు పడతాడు అనుకున్నాను. యాభై ఏళ్లు చొక్కా కింద దాచింది వాడి కళ్ల ముందు, జెల్ పూసుకుని, ట్యూబులైటు కింద మెరుస్తూ ఉంది.

“అయ్యో,” అన్నాడు. “గిదేందన్నా! గింత పెద్ద సురుకు ఎవలన్న పెడ్తరా? ఎవడు పెట్టిండు గాని వాని చెయ్యి పడిపోను!”

నా చెవుల్లో ఏదో గుయ్యిమంది. వాడు నిజంగానే అన్నాడు, నటన లేదు, కళ్లలో తడి కూడా ఉందేమో. పడిపోయిన చేతిని ఎత్తుకుని నిలబడి, పడిపోను అని తిట్టాడు. నవ్వాలి నేను. ఇంత కథ నేను అల్లినా ఇంత చక్కగా కుదరదు. నవ్వు రాలేదు. వాడికి గుర్తు లేదు. నేను వాడిని గోదావరిలో ముంచిన రాత్రులన్నీ వాడు హాయిగా నిద్రపోయాడు. నేను ఎండలో చొక్కా విప్పని ఎండాకాలాలన్నీ వాడు చల్లటి మజ్జిగ తాగాడు. నా బతుకంతా కూర్చుని ఉన్న ఆ ఒక్క పొద్దు, వాడికి పేడ కొట్టంలో పోయిన ఏదో ఒక పొద్దు. వీడి చెయ్యి పోతే ఏమొస్తుంది నాకు? ఎందుకు పోయిందో తెలియకుండా పోతే షుగరు వల్ల పోయిందనుకుంటాడు. నా పగ షుగరు ఖాతాలో పడుతుంది. ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేదేమో. ఆగలేదు. లక్ష్మీనర్సమ్మకు చెప్పనిది, బిడ్డకు చెప్పనిది నోట్లోంచి వచ్చింది, ఏ రంగూ పూయకుండా.

“ఎవడు పెట్టిండో నేను చెప్త,” అన్నాను. “నాకు ఇరవై నిండలే. ఒక పటేలు ఇంట్ల జీతమున్న. ఆయన కొడుకు నాగలి పట్టి బురదల పడ్డడు. నేను దాన్ని కత చేసి ఊరంత చెప్పిన. వాడు నా భుజం నొప్పికి సురుకు పెడ్తనని కొట్టంల బోర్ల పండబెట్టి, ఇద్దర్ని మీద కూసోబెట్టి, ఎడ్లకు పెట్టే గుర్తు తెచ్చి నాకు పెట్టిండు. పెట్టి, ఇప్పుడు చెప్పురా కత అన్నడు. వాని పేరు సురేందర్.”

సురేందర్ నా వంక చూశాడు, నీరజ వంక చూశాడు. తర్వాత వాడి పొట్ట కదిలింది. నవ్వాడు. మోటారు ఎగదన్నినట్టు, ఆగి ఆగి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“నా పేరే దొరికిందా అన్నా నీకు! గామె పిలుస్తుంటే ఇని, గప్పటికప్పుడు నన్నే ఇరికిచ్చినవా! కుక్కలైపాయె, సుదర్శనైపాయె, ఇగ నా మీద పడ్డవ్. అబ్బ, ఏం మనిషివే!” భుజం ఎగరేయబోయి నొప్పికి మూలిగాడు. “పెట్టు బిడ్డా మిషన్. గీనె చెప్పేటియన్ని గిసుంటియే అయితే నాకేం భయం లేదు.”

పోయి బల్లెక్కాడు. నీరజ పరదా లాగుతూ నా మొహంలోకి చూసింది. అటు పోయింది. నా భుజం మీద జెల్ ఆరి బిగుస్తోంది. పడుకుని పైకప్పు వంక చూస్తున్నాను, ఫ్యాను తిరుగుతోంది, ఒక రెక్క మీద మసి ఎక్కువ ఉంది. బతుకులో ఒక్కటే ఒక్కసారి నిజం చెప్పాను, దాంతో వాడి భయం పోయింది. నా నిజం వాడికి మందైంది. వాడి భుజం మీద ఇప్పుడు ఆ చెవికందని చప్పుడు తిరుగుతూ ఉంటుంది, గోడ వణికి మందు లోపలికి పోతూ ఉంటుంది, వాడి చెయ్యి మెల్లగా లేస్తుంది, లేపి ఎవరికో దండం పెడతాడు, ఎవరినో కొడతాడు. నా కథలు నన్నే ముంచాయి. ఎలుగుబంటి ముంచింది, పిడుగు ముంచింది. అన్నీ వాడిని దాచడానికి అల్లినవే, తెలియకుండా యాభై ఏళ్లు వాడికి కావలి కాశాను నేను. లేచి పోదామనుకున్నాను. లేవలేదు. పరదా ఆ పక్క నవ్వు ఆగింది. ఫ్యాను, కింద రోడ్డు మీద సూర్యాపేట బస్సు హారను, మందుల దుకాణంలో ఎవరో చిల్లర అడగడం. మిషన్ కీచుమని ఆగింది, అంటే వాడి వంతు అయిపోయింది. గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. వాడు లేచి కూర్చున్నాడు, దిగలేదు.

“అన్నా,” అన్నాడు. దగ్గు లేదు. మొదటిసారి దగ్గకుండా మాట్లాడాడు. “గా సురుకు... ఎడ్ల గుర్తంటివి గద.”

నేను పరదా వంక తిరిగాను.

“మా ఇంటి గుర్తుకు వంక ఒక్కటే కాదు. వంక కింద ఒక గీతుంటది. మా నాయిన కొట్టిచ్చిండు, ఇంకో ఊరి వంకలతోని కలవద్దని.” గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది. “నీకు గీత కనబడలే. వంకొక్కటే ఉన్నది. లేదు గద? గీత లేదు గద అన్నా?”

లేదని అనిపించుకోవాలని ఎంత ఆశగా అడిగాడో! ఆ ఆశ విని నాకు కడుపు నిండింది. గీత గురించి నేను ఒక్క మాట అనలేదు, వాడే తెచ్చుకున్నాడు, ఎంత లోపలి నుంచో. లేదంటే వాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. అది నేను వాడికి ఇవ్వగలిగిన దానం. నేను దానాలు చేసే మనిషిని కాదు.

“ఉన్నది పటేలా,” అన్నాను. “వయసుకు కండ కరిగి తోలు జారింది. గీత సంకలకు పోయింది. చెయ్యి లేపితె కనబడుతది.”

పరదా కదిలింది. చెప్పుల్లేకుండా వచ్చాడు. చొక్కా లేదు, కుడి చెయ్యి అట్లాగే ఎడమ చేతిలో. నా పేరు వాడి పెదాల మీదికి వచ్చి ఆగింది, చూశాను, కు అనే దగ్గర ఆగింది. నేను లేచి కూర్చుని, చెయ్యి లేపడం మొదలుపెట్టాను. రొమ్ము దాకా వచ్చింది. అక్కడ తాళం పడ్డట్టు ఆగింది. తాతా గట్ల లేపకు, నరం పడుతది అని నీరజ అరిచింది. ఇంకా లేపాను. లోపల ఏదో పాత తాడు పోగులు పోగులుగా తెగుతున్నట్టు, కళ్ల ముందు పచ్చగా, తెల్లగా, చెమట చెవుల వెనక నుంచి కారుతూ. ఆ నొప్పి ఎంత బాగుందో! భుజం ఎత్తుకు వచ్చింది. ఇంకా కొంచెం వచ్చింది. అంతకంటే రాదు, ఈ పొద్దుకు అంతే. చంక కొంచెమే తెరుచుకుంది. నిలబడి చూస్తే కనబడదు.

సురేందర్ మెడ చాచి చూశాడు. కనబడలేదు. నడుము కొంచెం వంచాడు.

“ఇంకా కిందికి,” అన్నాను. “ఇంకా వంగు పటేలా.”

వంగాడు.